కంప్యూటరు కుప్పకూలినప్పుడు: డ్రైవరు దోషాన్ని కనిపెట్టే విధానం

పని మధ్యలో కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోయి, తెర మీద అర్థంకాని అక్షరాలు ప్రత్యక్షమైనప్పుడు మనలో చాలామందికి రెండే రెండు మందులు గుర్తుకు వస్తాయి. ఒకటి, మీట నొక్కి ఆర్పి మరల వెలిగించడం. రెండవది, డిస్కునంతా తుడిచివేసి విండోసును తిరిగి ఎక్కించడం. వాడుకలో దీనినే ‘ఫార్మాట్ కొట్టడం’ అంటారు. మొదటి మందుతో జబ్బు కొంతసేపు దాగి ఉంటుంది. రెండవ మందుతో జబ్బు సంగతి ఎట్లున్నా రోగి ఆస్తి మాత్రం పోతుంది. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు, ఉర్దూ తెలుగు విభాగాల వ్యాసాలు, కార్యాలయపు ఫీజు లెక్కలు, వేరే చోట నకలు లేకపోతే, ఒక్క మధ్యాహ్నంలో మాయమవుతాయి. ఇంత చేసినా, లోపమున్న డ్రైవరునే మరల ఎక్కించినట్లయితే ఆ జబ్బు వారం తిరగకముందే తిరిగి వస్తుంది. అప్పుడు ‘ఈ యంత్రాలు పాతబడినవి, కొత్తవి కొనవలెను’ అనే ప్రతిపాదన కమిటీ ముందుకు వస్తుంది. గ్రంథాలయానికో, ఉపకార వేతనాలకో పనికివచ్చే ధనం, ఏ లోపమూ లేని యంత్రాలను మార్చడానికి ఖర్చవుతుంది.

కనుక ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. నేరం రుజువు కాకుండా శిక్ష విధించరాదన్నది న్యాయస్థానాలలో ఎంత ధర్మమో, దోషం ఎక్కడ ఉన్నదో తేలకుండా యంత్రం మీద చేయి వేయరాదన్నది మరమ్మతులో అంత ధర్మం. డ్రైవరు దోషాన్ని అట్లా రుజువు చేయడానికి గొప్ప పాండిత్యం అక్కరలేదు. ఓపిక, వరుసక్రమం, ఒక నోటు పుస్తకం ఉంటే మన విద్యార్థులే ఆ పని చేయగలరు.

డ్రైవరు అనగా ఏమి?

కంప్యూటరులో అన్ని పనులనూ నడిపించే ప్రధాన ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టం అంటారు. విండోస్, లినక్స్ మొదలైనవి ఈ జాతివి. దాని గర్భంలో ఉండే ముఖ్యభాగానికి కెర్నెల్ అని పేరు. జ్ఞాపకశక్తిని ఎవరికెంత పంచవలెనో, ప్రాసెసరును ఎవరికెప్పుడు ఇవ్వవలెనో నిర్ణయించేది కెర్నెలే. అయితే లోకంలో ఉన్న వేలాది ప్రింటర్లు, స్కానర్లు, కెమెరాలు, వైఫై పరికరాలు ఒక్కొక్కటి ఒక్కొక్క భాష మాట్లాడతాయి. ఆ భాషలన్నీ కెర్నెల్‌కు తెలియవు.

పూర్వం ఉర్దూ మాత్రమే తెలిసిన అధికారికీ, తెలుగు మాత్రమే తెలిసిన రైతుకూ నడుమ దుబాసీ నిలబడి ఒకరి మాట మరొకరికి తర్జుమా చేసేవాడు. కంప్యూటరులో ఆ దుబాసీయే డ్రైవరు. ‘ఈ పుటను ముద్రించు’ అని కెర్నెల్ చెప్పిన మాటను ప్రింటరుకు అర్థమయ్యే సంకేతాలుగా మార్చేది, ‘కాగితం అయిపోయింది’ అని ప్రింటరు చెప్పిన మాటను కెర్నెల్‌కు చేరవేసేది డ్రైవరే. ఇది పరికరం కాదు. పరికరం కోసం వ్రాయబడిన ప్రోగ్రాము. సాధారణంగా దీనిని పరికరం తయారు చేసిన కంపెనీయే వ్రాసి ఇస్తుంది. దుబాసీ తప్పు తర్జుమా చేస్తే అధికారి తప్పు లేకుండా, రైతు తప్పు లేకుండా తగవు పుట్టినట్లే, పరికరం బాగున్నా, విండోస్ బాగున్నా డ్రైవరు లోపంవల్ల యంత్రం ఆగిపోవచ్చును.

ఒక్క డ్రైవరు తప్పితే యంత్రమంతా ఎందుకు ఆగుతుంది?

ప్రాసెసరులో అధికారపు అంతస్తులు ఉన్నవి. మనం వాడే వర్డ్, బ్రౌజరు వంటి ప్రోగ్రాములు కింది అంతస్తులో పనిచేస్తాయి. వాటిలో ప్రతిదానికీ తన ఇల్లు తనకున్నది. పొరుగింటి గోడ దాటే అధికారం లేదు. అందుచేత బ్రౌజరు చెడిపోతే బ్రౌజరే మూతపడుతుంది, తక్కిన పనులు సాగుతూనే ఉంటాయి. డ్రైవర్లలో ఎక్కువ భాగం అట్లా కాదు. అవి పై అంతస్తులో, కెర్నెల్ పక్కనే కూర్చుని, కెర్నెల్ జ్ఞాపకశక్తినే పంచుకొంటాయి. పరికరాన్ని వేగంగా నడపడానికి ఆ అధికారం అవసరమే. కాని అక్కడ ఒక్క తప్పు చిరునామాకు వెళ్లి చదివినా, ఒక్క అంకెను తప్పు చోట వ్రాసినా, దెబ్బ తగిలేది కెర్నెల్‌కే.

అట్టి సమయంలో విండోస్ తనంతట తాను ఆగిపోతుంది. ఇది గ్రహించవలసిన విషయం. మనం భయపడే ఆ నీలి తెర నిజానికి ఒక రక్షణ. జ్ఞాపకశక్తి కలుషితమైన తరువాత కూడా పని సాగనిస్తే, ఆ కలుషితమైన సమాచారమే డిస్కు మీదికి ఎక్కి మన ఫైళ్లను పాడుచేయవచ్చును. అందుకే కెర్నెల్ అంతటినీ నిలిపివేసి, కారణాన్ని ఒక సంకేతంగా తెర మీద చూపి, ఆ క్షణంలోని జ్ఞాపకశక్తి చిత్రాన్ని డిస్కులో భద్రపరుస్తుంది. 2025లో విండోస్ 11లో నీలి రంగు తీసివేసి నల్లని తెరను ప్రవేశపెట్టారు. రంగు మారినా అర్థం మారలేదు. లినక్స్‌లో ఇట్టి ఘటనను కెర్నెల్ పానిక్ అంటారు.

ఈ దోషాలు అరుదైనవి కావు. 1998 ఏప్రిల్ 20వ తేదీన షికాగో నగరంలో బిల్ గేట్స్ సమక్షంలో విండోస్ 98ను ప్రదర్శిస్తూ, కంప్యూటరుకు ఒక స్కానరును తగిలించగానే సభికులందరి ముందు నీలి తెర వచ్చింది. 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ కెర్నెల్‌ను పరిశీలించి, డ్రైవర్ల భాగంలో తప్పుల రేటు తక్కిన కెర్నెల్ కంటె 3 నుండి 7 రెట్ల వరకు ఎక్కువగా ఉన్నదని కనుగొన్నారు. విండోస్ ఎక్స్‌పీ విషయంలో నివేదించబడిన వైఫల్యాలలో 85 శాతానికి డ్రైవర్లే కారణమని 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పత్రంలో పేర్కొన్నారు. ఆ తరువాత డ్రైవర్ల పరీక్షా పద్ధతులు ఎంతో మెరుగుపడినవి. కాని ప్రమాదం పూర్తిగా తొలగలేదనడానికి ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉన్నది.

2024 జులై 19 నేర్పిన పాఠం

ఆ రోజు శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఫాల్కన్ ప్రోగ్రాముకు సంబంధించిన ఒక చిన్న ఫైలును భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు ప్రపంచమంతటా పంపింది. ఫాల్కన్ ప్రోగ్రాములో ఒక భాగం డ్రైవరు రూపంలో కెర్నెల్‌లో ఉంటుంది. కొత్త ఫైలు ప్రకారం ఆ డ్రైవరు 21వ అంశాన్ని చూడవలసి ఉన్నది. కాని దానికి అందింది 20 అంశాలే. లేని 21వ అంశం కోసం హద్దు దాటి చదవబోయి డ్రైవరు తప్పటడుగు వేసింది, విండోస్ ఆగిపోయింది. 78 నిమిషాలలో, అనగా 10 గంటల 57 నిమిషాలకు, సంస్థ ఆ ఫైలును ఉపసంహరించుకొన్నది. అప్పటికే జరగవలసిన నష్టం జరిగింది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. విమానాశ్రయాలు, ఆసుపత్రులు, బ్యాంకులు అల్లాడినవి. మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో వ్రాసి ఇవ్వవలసి వచ్చింది.

ఈ ఘటనలో మూడు సంగతులు గమనించదగినవి. మొదటిది, డ్రైవరు ప్రోగ్రాము ఆనాడు మారలేదు. అది చదివే సమాచారం మాత్రమే మారింది. కనుక ‘ఏమి మారింది?’ అనే ప్రశ్నను విశాలంగా వేసుకోవలెను. రెండవది, ఆ డ్రైవరుకు మైక్రోసాఫ్ట్ పరీక్షా ధ్రువీకరణ ఉన్నది. ముద్ర ఉన్నంత మాత్రాన నిర్దోషి అనుకోరాదు. మూడవది, చికిత్స ఎంతో చిన్నది. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరచి, 291 సంఖ్య గల ఆ ఒక్క ఫైలును తొలగిస్తే చాలును. ఫార్మాట్ అవసరం లేదు, కొత్త యంత్రం అవసరం లేదు. కాని దోషం ఎక్కడ ఉన్నదో తెలిసిన తరువాతనే ఆ చిన్న చికిత్స సాధ్యమైనది.

నిదానం

వైద్యశాస్త్రంలో రోగ కారణాన్ని తెలుసుకొనడాన్ని నిదానం అంటారు. హకీము నాడి చూడనిదే మందు ఇవ్వడు. మనం కూడా ఈ కింది మెట్లను ఒకదాని తరువాత ఒకటి ఎక్కవలెను.

మొదటి మెట్టు: వ్రాసుకొనుట. తెర మీద కనబడే స్టాప్ కోడ్‌ను, ఏదైనా ఫైలు పేరు కనబడితే దానిని, తేదీని, సమయాన్ని, ఆ క్షణంలో చేస్తున్న పనిని వ్రాసుకొనవలెను. సెల్‌ఫోనుతో ఫోటో తీసినా సరిపోతుంది. ‘మళ్లీ పోయింది’ అన్న మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. ‘ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ పోతున్నది’ అన్న మాటతో సగం నిదానం అయినట్లే.

కొన్ని కోడ్‌ల భావం తెలిసి ఉండడం మంచిది. ‘డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్’ అని వస్తే, ఒక డ్రైవరు అత్యవసర స్థాయిలో పనిచేస్తూ తాకరాని జ్ఞాపకశక్తిని తాకినదని అర్థం. ఆ స్థాయిలో ఉన్నప్పుడు డిస్కు నుండి పుట తెచ్చుకొనే వీలు లేదు. అందుబాటులో లేనిదానికి చేయి చాచినందున ఈ స్తంభన. ‘డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్’ అంటే, సాధారణంగా ఒక డ్రైవరు తనకిచ్చిన గడువు మించి ప్రాసెసరును పట్టుకొని కూర్చున్నదని అర్థం. ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అనేది ల్యాప్‌టాప్ నిద్రకు పోయేటప్పుడో, నిద్ర లేచేటప్పుడో ఎక్కువగా కనబడుతుంది. ‘వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్’ అంటే, గ్రాఫిక్స్ పరికరం గడువులోగా బదులు పలకలేదు, విండోస్ దానిని తట్టి లేపబోయినా లేవలేదు అని భావం. ఆ గడువు మామూలుగా 2 సెకండ్లు.

రెండవ మెట్టు: ఏమి మారినదో అడుగుట. నిన్నటి వరకు బాగున్న యంత్రం నేడు చెడినదంటే నడుమ ఏదో మారి ఉండవలెను. విండోసులో ‘రిలయబిలిటీ మానిటర్’ అనే సాధనం ఉన్నది. ఏ రోజున ఏ ప్రోగ్రాము ఎక్కినదో, ఏ రోజున యంత్రం ఆగినదో అది ఒక క్యాలెండరువలె పక్కపక్కనే చూపిస్తుంది. విండోస్ అప్‌డేట్ చరిత్రలో కొత్తగా వచ్చిన డ్రైవర్ల జాబితా విడిగా ఉంటుంది. కొత్త పరికరం తగిలించారా, యాంటీవైరస్ మారిందా అని కూడా విచారించవలెను.

మూడవ మెట్టు: సేఫ్ మోడ్‌లో పరీక్షించుట. షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకొని రీస్టార్ట్ ఎన్నుకొంటే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అనే మార్గంలో వెళ్లి, యంత్రం మరల వెలిగినప్పుడు 4 అంకె నొక్కవలెను. యంత్రం అసలు తెరుచుకోకపోతే, వరుసగా రెండు మూడుసార్లు విఫలమైన పిమ్మట ఆ తెర సాధారణంగా దానంతట అదే వస్తుంది. డిస్కుకు బిట్‌లాకర్ రక్షణ ఉన్నట్లయితే 48 అంకెల రికవరీ తాళం అవసరం కావచ్చును. 2024 జులైలో చాలా సంస్థలు ఆ తాళం ఎక్కడ వ్రాసుకొన్నారో వెదుక్కొంటూ గంటలు గడిపినవి.

సేఫ్ మోడ్‌లో అత్యవసరమైన డ్రైవర్లు మాత్రమే పనిచేస్తాయి. మామూలుగా అరగంటకు ఆగిపోయే యంత్రం ఇక్కడ మూడు గంటలు నిలిచినట్లయితే, బయటి నుండి వచ్చిన డ్రైవరు మీదనో, వెనుక నడిచే మరొక ప్రోగ్రాము మీదనో అనుమానం బలపడుతుంది. ఇక్కడ కూడా ఆగిపోతే ర్యామ్, వేడి, విద్యుత్ సరఫరా, డిస్కు వంటి భౌతిక కారణాల వైపు చూడవలెను.

నాలుగవ మెట్టు: సాక్ష్యం చదువుట. యంత్రం ఆగిన ప్రతిసారీ, ఆ సదుపాయం నిలిపివేసి ఉండకపోతే, విండోస్ ఫోల్డరులోని ‘మినీడంప్’ అనే చోట ఒక చిన్న ఫైలు మిగులుతుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ‘విన్‌డీబీజీ’ అనే సాధనంతో దీనిని తెరచి ‘అనలైజ్’ ఆజ్ఞ ఇస్తే, ఏ డ్రైవరు పని జరుగుతుండగా యంత్రం ఆగినదో తెలుస్తుంది. ఒక్క ఫైలుతో తృప్తిపడరాదు. నాలుగైదు ఫైళ్లలోనూ ఒకే పేరు, ఒకే కోడ్ వస్తే అది బలమైన సాక్ష్యం. ఫార్మాట్ కొట్టినవారు మొట్టమొదట కాల్చివేసేది ఈ సాక్ష్యాన్నే.

అనుమానితుడు నిర్దోషి అయినప్పుడు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శవం పక్కన నిలబడినవాడల్లా హంతకుడు కాడు. ఒక డ్రైవరు జ్ఞాపకశక్తిలో తప్పు వ్రాసి వెళ్లిపోగా, పది నిమిషాల తరువాత ఆ చోటును ముట్టుకొన్న మరొక అమాయకపు డ్రైవరు పేరు నివేదికలోకి ఎక్కవచ్చును. ముఖ్యంగా కెర్నెల్ ఫైలు పేరే కనబడినప్పుడు, విండోస్ చెడినదని వెంటనే తీర్పు చెప్పరాదు. ప్రతిసారీ కోడ్ మారుతూ, పేరు మారుతూ ఉంటే ర్యామ్ మీద అనుమానపడవలెను. ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ ద్వారా గాని, ‘మెమ్‌టెస్ట్86’ ద్వారా గాని ఒక రాత్రంతా పరీక్ష నడిపితే చాలా వరకు సంగతి తేలుతుంది.

2021 మార్చి నెలలో ఒక విండోస్ అప్‌డేట్ తరువాత, కొన్ని కంపెనీల ప్రింటర్లకు ప్రింట్ ఇవ్వగానే కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయినవి. చూసినవారు ప్రింటరునే తప్పు పట్టి ఉందురు. దోషం ఆ అప్‌డేట్‌లో ఉన్నది. కొద్ది రోజులలోనే మైక్రోసాఫ్ట్ సవరణను విడుదల చేసింది. ఆ వారంలో తొందరపడి కొత్త ప్రింటరు కొన్నవారి ధనం వృథా అయి ఉండును.

మామూలు మార్గాలతో నేరస్థుడు దొరకకపోతే ‘డ్రైవర్ వెరిఫైయర్’ అనే సాధనం ఉన్నది. విండోస్ 2000 కాలం నుండి ఇది విండోసుతోనే వస్తున్నది. ఎన్నుకొన్న డ్రైవర్లను ఇది కఠినంగా పరీక్షించి, తప్పు చేసిన తక్షణమే యంత్రాన్ని ఆపివేస్తుంది. తప్పించుకొని పోయేవాడిని గుమ్మంలోనే పట్టుకొన్నట్లు. కనుక దీనిని వాడేముందు ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ నకలు తీసి, రిస్టోర్ పాయింట్ ఏర్పరచుకొనవలెను. మైక్రోసాఫ్ట్ కానివారి డ్రైవర్లను మాత్రమే ఎన్నుకొనవలెను. పని ముగిసిన తరువాత దీనిని తప్పక రద్దు చేయవలెను. యంత్రం తెరుచుకోకపోతే సేఫ్ మోడ్ నుండి రద్దు చేయవచ్చును. అధ్యాపకుల పర్యవేక్షణ లేకుండా విద్యార్థులు దీని జోలికి పోరాదు.

చికిత్స

డ్రైవరే దోషి అని తేలిన తరువాత చికిత్స సులభం. డివైస్ మేనేజరులో ఆ పరికరాన్ని తెరచి, డ్రైవర్ అనే పుటలో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాత డ్రైవరు తిరిగి వస్తుంది. ఆ మీట మసకగా ఉంటే పాతది భద్రపరచబడలేదని అర్థం. అప్పుడు పరికరాన్ని ‘అన్‌ఇన్‌స్టాల్’ చేస్తూ, డ్రైవరును కూడా తొలగించవలెననే గడిలో గుర్తు పెట్టవలెను. ఆ గుర్తు పెట్టకపోతే, తిరిగి వెలిగించగానే అదే దోషి వెనుక ద్వారం గుండా లోనికి వస్తాడు. తరువాత కంప్యూటరు తయారీదారు లేదా పరికరపు తయారీదారు వెబ్‌సైటు నుండి, సరిగ్గా ఆ మోడల్ సంఖ్యకు చెందిన డ్రైవరునే తెచ్చుకొనవలెను. ‘మీ డ్రైవర్లన్నిటినీ ఒక్క నొక్కుతో కొత్తవి చేస్తాం’ అని ప్రకటించుకొనే ప్రోగ్రాములను దూరంగా ఉంచడం మేలు. ఒక్క తెలియని దోషం స్థానంలో పది తెలియని మార్పులను అవి తెచ్చిపెడతాయి.

లినక్స్ వాడేవారికి మార్గం ఇంకొక విధంగా ఉంటుంది. అక్కడ చాలా డ్రైవర్లు కెర్నెల్‌తోపాటే వస్తాయి కనుక, కొత్త కెర్నెల్ తరువాత కష్టం మొదలైతే, ప్రారంభపు జాబితాలో పాత కెర్నెల్‌ను ఎన్నుకొని చూడవలెను. పాతదానితో బాగుంటే అనుమానం ఎటు పోవలెనో తెలిసినట్లే.

ఏ చికిత్సలోనైనా ఒక నియమం దాటరాదు: ఒకసారికి ఒకే మార్పు. డ్రైవరు మార్చి, ర్యామ్ మార్చి, యాంటీవైరస్ తీసివేసి, మూడూ ఒకేనాడు చేసినవానికి యంత్రం బాగుపడినా ఎందుకు బాగుపడినదో తెలియదు. తెలియని ఆరోగ్యం ఎక్కువ కాలం నిలవదు.

ఒక ఉదాహరణ

పై మెట్లన్నీ కలిపి ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాం. ఒక కళాశాల ప్రయోగశాలలో ఒకే మోడల్ కంప్యూటర్లు 30 ఉన్నవి. వాటిలో 6 మాత్రం రోజూ ఆగిపోతున్నవి. ఆరింటినీ మార్చవలెనని ఒకరు, విద్యుత్తే కారణమని ఒకరు, వైరసు అని ఇంకొకరు అంటారు. నోటు పుస్తకం తెరచిన విద్యార్థి ముందుగా ఒక ప్రశ్న వేస్తాడు: ఈ ఆరింటిలో ఉండి, తక్కిన 24లో లేనిది ఏది? ఆ ఆరూ వెనుక వరుసలోవి. నెట్‌వర్కు తీగ అంత దూరం రానందున వాటికి చిన్న యూఎస్‌బీ వైఫై పరికరాలు తగిలించారు. ఆరింటి మినీడంపులలోనూ ఒకే కోడ్, ఒకే వైఫై డ్రైవరు పేరు. పెద్ద ఫైళ్లు దించుకొనే సమయంలోనే ఆగుతున్నవి.

ఇంతవరకు ఇది అనుమానమే. ఇప్పుడు రుజువు కావలెను. ఒక యంత్రం నుండి వైఫై పరికరాన్ని తీసి దినమంతా నడిపితే అది ఆగలేదు. మరల తగిలిస్తే గంటలో ఆగింది. అదే పరికరాన్ని, అదే డ్రైవరును ముందు వరుసలోని మంచి యంత్రానికి తగిలిస్తే అదీ ఆగింది. చివరగా వెనుకటి యంత్రంలో పరికరాన్ని ఉంచి డ్రైవరును మాత్రం పాతదానికి మార్చితే వారమంతా ఆగకుండా నడిచింది. కారణం ఉన్నచోట కార్యం ఉన్నది, కారణం లేనిచోట కార్యం లేదు. తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకములు అని చదువుకొనేది ఇదే. ఖర్చు సున్నా. కమిటీ ముందు పెట్టవలసిన ప్రతిపాదన ఆరు కంప్యూటర్లకు కాదు. వెనుక వరుస వరకు నాలుగు గజాల తీగకు.

నివారణ: కమిటీ వారికి విన్నపం

చికిత్స కంటె నివారణ మేలు. ప్రతి కంప్యూటరుకూ రిజిస్టరులో ఒక పుట కేటాయించవలెను. మోడల్ సంఖ్య, తగిలించిన పరికరాలు, డ్రైవర్ల సంచికా సంఖ్యలు, మార్పు చేసిన తేదీ, చేసినవారి సంతకం అందులో ఉండవలెను. బిట్‌లాకర్ తాళాలను వేరుగా, భద్రంగా ఉంచవలెను. కొత్త డ్రైవరు వచ్చినప్పుడు ముందుగా ఒక్క యంత్రంలో వేసి వారం చూచి, తరువాతనే తక్కినవాటిలో వేయవలెను. 2024 ఘటన తరువాత క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ కూడా కొత్త ఫైళ్లను అందరికీ ఒక్కసారిగా కాక అంచెలంచెలుగా పంపే పద్ధతికి మారింది. ప్రాక్టికల్ పరీక్షల వారంలో, ఉపకార వేతనాల దరఖాస్తుల గడువు దగ్గరపడిన రోజులలో ఏ డ్రైవరునూ మార్చరాదు. వారానికొకసారి విద్యార్థుల ఫైళ్ల నకలు వేరొక డిస్కులో భద్రపరచవలెను.

మరొక ముఖ్య విషయం. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. పాత యంత్రాలను విండోస్ 11కు మార్చేటప్పుడు పాత స్కానర్లు, వేలిముద్ర పరికరాలు, డీటీపీ ప్రోగ్రాములతో వచ్చిన హార్డ్‌వేర్ తాళాలు పనిచేస్తాయో లేదో ముందుగానే విచారించవలెను. విండోస్ 11లోని ‘మెమరీ ఇంటెగ్రిటీ’ అనే రక్షణ కొన్ని పాత డ్రైవర్లను లోనికి రానివ్వదు. డ్రైవరు కోసం ఆ రక్షణను తీసివేయడం, దొంగకు భయపడి కొన్న తాళాన్ని బంధువు కోసం పగులగొట్టడం వంటిది. కొత్త పరికరం కొనేటప్పుడు ధరతోపాటు, మన విండోసుకు డ్రైవరు ఉన్నదా, తయారీదారు ఎంతకాలం ఇస్తాడు అని కూడా టెండరులోనే అడగవలెను.

ముగింపు

డ్రైవర్ల బెడద తగ్గించడానికి శాస్త్రజ్ఞులు కృషి చేస్తూనే ఉన్నారు. కొన్ని రకాల డ్రైవర్లను కింది అంతస్తులోనే నడిపే ఏర్పాటు విండోస్ విస్టా కాలం నుండి ఉన్నది. భద్రతా ప్రోగ్రాములను కూడా కెర్నెల్ వెలుపల నడిపే సదుపాయాన్ని రూపొందిస్తున్నట్లు 2024 నవంబరులో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఎన్ని ఏర్పాట్లు వచ్చినా, మనిషి వ్రాసిన ప్రోగ్రాములో మనిషి చేసే తప్పు ఉండక మానదు.

మన విద్యార్థులలో పెక్కుమందికి ఇంటివద్ద కంప్యూటరు లేదు. ఈ ప్రయోగశాలలోని యంత్రమే వారి పలక, వారి బలపం. అది ఆగిపోయిన ప్రతి గంటా వారి చదువులో ఒక గంట. ఆ గంటను కాపాడే విద్య ఇంజనీరుకే పరిమితమైనది కాదు. తెర మీది మాటను వ్రాసుకొని, ఏమి మారిందని అడిగి, ఒక్కొక్కటిగా పరీక్షించి, రుజువైన తరువాతనే చేయి వేసే అలవాటు ఎవరికైనా వస్తుంది. ఒకసారి వచ్చిన తరువాత ఆ అలవాటు ఒక్క కంప్యూటరు దగ్గరే ఆగదు.